తుపాకి గొట్టమునకు తగిన గుండు

పన్నెండు బోరు తుపాకి యను మాట వేట తెలిసినవారందఱు వాడుదురు గాని, ఆ పన్నెండు దేనిని లెక్కింపగా వచ్చినదో చెప్పగలవారు అరుదు. ఒక పౌను సీసమును కరగించి సమానములైన పన్నెండు గుండ్లుగా పోసినచో, అందొక గుండు ఏ గొట్టమున సరిగా ఇముడునో ఆ గొట్టము పన్నెండు బోరు. పదునాఱు గుండ్లుగా పోసినపుడు ఇముడునది పదునాఱు బోరు. కనుకనే అంకె పెరిగినకొలది గొట్టము సన్నమగుచు పోవును. లెక్క ప్రకారము పన్నెండు బోరు గొట్టపు లోపలి వ్యాసము 0.729 అంగుళము, అనగా ఇంచుమించు పదునెనిమిదిన్నర మిల్లీమీటర్లు. సూక్ష్మమైన కొలత పరికరములు లేని కాలమున గొట్టమును కొలుచుటకు గుండునే ప్రమాణముగా గైకొనుట సహజమే యైనను, ఇందొక విచిత్రము దాగియున్నది. మూతినుండి కూరి కాల్చు తుపాకిలో, గొట్టమునకు అచ్చముగా సరిపోవు గుండు కాల్చుటకు పనికిరాదు. లోపలికి పోవునపుడు గుండు గొట్టముకన్న సన్నముగా ఉండవలెను. వెలుపలికి వచ్చునపుడు గొట్టమును నిండుగా ఒరసికొని రావలెను. ఒకే సీసపు ముద్దను ఒక క్షణమున చిన్నదిగను మఱుక్షణమున పెద్దదిగను చేయవలసి వచ్చిన ఈ చిక్కును విప్పుటకు ఐరోపాలోని ఆయుధశిల్పులకు మూడువందల యేండ్లకు పైగా పట్టినది.

నేటి తుపాకులలో తూటా వెనుకనుండి దూరును. మందును గుండును ఒక్క ఇత్తడి గొట్టములో ఇమిడియుండుటచే కాల్చువానికి కొలతల బాధ లేదు. ఆ బాధను కర్మాగారమే పడును. కాని పందొమ్మిదవ శతాబ్దము సగము దాటువఱకు లోకమందలి సైనికులలో అధికభాగము ఎఱిగిన తుపాకి వేఱు. దానిని నిలువుగా నిలిపి, మూతినుండి కొలిచిన మందును పోసి, దానిపై గుండును ఉంచి, పొడవైన కడ్డీతో మొదలంట నెట్టి, పిమ్మట కాల్చవలెను. 1940 దశకమున తెలంగాణ రైతాంగ పోరాటములో దళములవారు పట్టిన భర్మార్లు ఈ జాతివే. అట్టి వాని గొట్టములు లోపల నున్ననివి గనుక గుండు కొంత వదులైనను, గుండునకు బదులు రవ్వలు పోసినను, దగ్గఱి గురికి అవి చాలెడివి.

ఆ వదులు అజాగ్రత్తవలన వచ్చినది కాదు, కావలెనని ఉంచినది. సురేకారము, బొగ్గు, గంధకము కలిపి చేసిన నల్లమందు కాలినపుడు దాని తూకములో సగముకన్న తక్కువయే వాయువగును. మిగిలినదంతయు ఘనపదార్థమే యని నోబెల్, ఏబెల్ అను ఇరువురు ఆంగ్ల పరిశోధకులు 1870 దశకమున కొలిచి చూపిరి. (ఈ నోబెల్ బహుమతుల నోబెల్ కాడు, ఆండ్రూ నోబెల్ అను ఫిరంగుల నిపుణుడు.) ఈ ఘనభాగములో కొంత తెల్లని పొగయై ఎగిరిపోగా తక్కినది గొట్టపు గోడలకు మసిగా పట్టును. గాలిలో తేమ యున్నచో అది మెత్తబడి జిగురువలె నుండును. పొడి యెండలో గట్టిపడి పెచ్చు కట్టును. తుడిచిన గొట్టమున వ్రేలితో నెట్టిన దిగిపోయిన గుండే పదియవసారి కూరునపుడు సగములో చిక్కుకొనవచ్చును. యుద్ధభూమిలో తుడుచుకొను వ్యవధి యెక్కడిది? కావున ఆంగ్ల సైన్యము వంద సంవత్సరములకు పైగా మోసిన బ్రౌన్ బెస్ అను మస్కెట్టు గొట్టపు వ్యాసము ముప్పాతిక అంగుళము కాగా, దాని గుండు ఇంచుమించు 0.69 అంగుళము మాత్రమే. నడుమ ఒకటిన్నర మిల్లీమీటర్ల సందు. ఆ సందునుండి వాయువు గుండుకన్న ముందే తప్పించుకొనును. గుండు ఈ గోడకు ఆ గోడకు కొట్టుకొనుచు వచ్చి, కడపట ఏ గోడను తాకునో దానికి ఎదురుదిక్కుగా పోవును. మామూలు మస్కెట్టుతో నూఱు గజములు దాటిన గురిని కొట్టుట అదృష్టమునకు సంబంధించిన విషయమని జార్జి హాంగర్ అను కర్నలు 1814లోనే నిర్మొగమాటముగా వ్రాసెను.

గొట్టము లోపల మెలి తిరిగిన గాళ్లను దొలిచి, గుండును బొంగరమువలె తిప్పుచు పంపినచో అది వంకలు పోదని జర్మను పనివారు అంతకు చాలకాలము ముందే కనుగొనియుండిరి. గాడికి గాడికి నడుమ నిలుచు భాగమును గట్టు అందము. రైఫిలు అనిపించుకొనునది ఇట్టి గాళ్లుగల తుపాకి. కాని గుండు తిరుగవలెనన్న అది గాళ్లను పట్టుకొనవలెను. పట్టుకొనవలెనన్న బిగువుగా నుండవలెను. బిగువుగా నున్నచో మూతినుండి దిగుట కష్టము. 1800లో ఆంగ్లేయులు స్వీకరించిన ఎజికియల్ బేకరు రైఫిలునకు 0.625 అంగుళపు గొట్టము, ఏడు గాళ్లు ఉండెడివి. దానితో మొదట సైనికులకు గుండును మూతిలో దిగగొట్టుటకు చిన్న కొయ్యసుత్తులను కూడ ఇచ్చిరనిన ఆ బిగువెంతటిదో ఊహింపవచ్చును. సుత్తిదెబ్బలకు సీసపు గుండు చదునై రూపు చెడును. రూపు చెడిన గుండు తిన్నగా పోదు. సుత్తులు కొలదికాలములోనే మూలబడెను.

ఈ చిక్కునకు మొదటి చక్కని పరిష్కారము గుడ్డముక్క. గట్టునుండి గట్టునకు అర అంగుళము గల గొట్టము నెత్తుకొందము. దానికి పోసిన గుండు 0.490 అంగుళము, అనగా పది వేయవ వంతులు తక్కువ. గుండు క్రింద 0.015 అంగుళము మందము గల దట్టమైన పరుపుగుడ్డ ముక్కను నూనెతో గాని కొవ్వుతో గాని తడిపి పఱచినచో, ఇరుప్రక్కల కలిపి గుడ్డ మందము 0.030 అగును. మొత్తము 0.520. అర అంగుళపు రంధ్రములో ఇరువది వేయవ వంతులు అధికముగా ఇమిడించుట యెట్లు? గట్ల కడ గుడ్డ నలిగి అణగును. గాళ్లలో దానికి చోటు దొరకును. గుడ్డ గాళ్లను పట్టుకొనును, గుండు గుడ్డను పట్టుకొనును. సీసము లోహమును తాకనే తాకదు. గొట్టము దాటిన వెంటనే గుడ్డ విడిపోయి నేల రాలును. ఆ రాలిన ముక్కలను ఏఱి చూచుట నేటికిని కాల్చువారి అలవాటు. గుడ్డ అంచులు కుచ్చువలె చీలి, నడుమ భాగము చెక్కుచెదరక, గాళ్ల అచ్చు సమదూరములలో కనిపించెనా, గుండును గుడ్డయు గొట్టమునకు కుదిరినట్లే. నడుమ కాలి చిల్లు పడియున్నచో గుండు వదులు, లేదా గుడ్డ పలుచన. మూతికడనే కోసుకొనిపోయినట్లున్నచో బిగువెక్కువ, లేదా గొట్టపు అంచు పదును. ఒక గుప్పెడు కాలిన గుడ్డపేలికలు చెప్పునంత సత్యము ఒక్కొక్కప్పుడు కొలత పరికరములును చెప్పవు.

అమెరికాలోని వేటగాండ్రకు ఈ పద్ధతి సరిపోయెను గాని సైన్యములకు సరిపడలేదు. వరుసలో నిలిచి త్వరత్వరగా కాల్చవలసిన సిపాయి గుడ్డలు పఱచుచు కూర్చుండలేడు. వదులుగా జాఱి, లోపలికి పోయిన పిమ్మట తానే ఉబ్బు గుండు కావలెను. ఫ్రాన్సులో దెల్వీన్యు అను అధికారి 1826లో గొట్టపు మొదట మెట్టువంటి ఇఱుకు అమర్చి, గుండును దానిపై ఆనించి కడ్డీతో మోది ఉబ్బజేసెను. మఱొక ఫ్రెంచి కర్నలు గొట్టపు అడుగున ఉక్కు మేకు నిలిపి దానిమీద మోదించెను. రెండింటను మోదుట తప్పలేదు. గుండు రూపు చెడుటయు తప్పలేదు.

మోదవలసిన పని మందే చేయునని తలచినవారిలో ముందుగా చెప్పదగినవాడు ఆంగ్ల సైన్యములోని 34వ పటాలపు కెప్టెను జాన్ నార్టను. ఆయన అడుగున గుల్లయైన పొడుగుపాటి గుండును పోయించెను. పేలినపుడు పుట్టు వాయువు ఆ గుల్లలో చొచ్చి, పలుచని అంచును వెలుపలికి నెట్టి గాళ్లకు హత్తించునని ఆయన యూహ. ఈ యూహ ఆయనకు తట్టినది మన దక్షిణదేశముననే యని ఆయుధచరిత్రలు చెప్పును. ఇచ్చటి వేటగాండ్రు నోటితో ఊది బాణములు వదలు గొట్టములను ఆయన చూచెను. ఆ బాణముల మొదట తామరతూటి బెండును అమర్చియుండిరట. ఊదినపుడు ఆ మెత్తని బెండు ఉబ్బి గొట్టపు గోడలను ఒరసికొని, ఊపిరి ప్రక్కలనుండి జాఱిపోకుండ ఆపెడిదట. పేరు తెలియని మన వేటగాడు పాశ్చాత్య శస్త్రవిద్యకు అందించిన ఈ పాఠమును గూర్చి మన పుస్తకములలో ఇంతవఱకు తగినంత వ్రాయబడలేదని నా అభిప్రాయము. ఆంగ్ల ప్రభుత్వము మాత్రము నార్టనును పట్టించుకొనలేదు. 1835లో విలియం గ్రీనరు అను తుపాకుల పనివాడు వెనుక దిమ్మతో ఉబ్బు గుండును సైనికులచే పరీక్షింపజేయగా దానిని కూడ త్రోసిపుచ్చెను. తీరా అదే సూత్రమును ఫ్రెంచి కెప్టెను మినియే 1840 దశకపు చివర ఇనుప గిన్నె అమర్చిన గుండుగా నిలిపినపుడు, ఆయనకు ఇరువదివేల పౌనులిచ్చి హక్కు కొనెను. గ్రీనరునకు 1857లో వెయ్యి పౌనులు దక్కినవి. ఇంట నున్న విద్యను పొరుగింటినుండి కొనుటయన్న ఇదియే.

మినియే గుండును తమకు తగినట్లు మార్చుకొని ఆంగ్లేయులు 1853లో తయారుచేసిన ఎన్‌ఫీల్డు రైఫిలు కథ భారతీయులమైన మనకు కొంత తెలిసినదే. కాని మనకు తెలిసిన సగమునకు వెనుకనున్న సగము కొలతలకు సంబంధించినది. ఎన్‌ఫీల్డు గొట్టము గట్లమధ్య 0.577 అంగుళము. మూడు గాళ్లు, ముప్పదితొమ్మిది అంగుళముల గొట్టములో గాడి అర్ధచుట్టు మాత్రమే తిరుగును. దానికి ప్రిచెట్ అను లండను పనివాడు రూపొందించిన నున్నని గుండు 0.568 అంగుళము, తూకము 530 గ్రెయినులు, అనగా ముప్పదినాలుగు గ్రాములకు పైగా. సందు తొమ్మిది వేయవ వంతులు. మిల్లీమీటరులో పావువంతైనను లేదు. పైగా గుండును కాగితముతో చుట్టి, ఆ కాగితముతోనే గొట్టములో దించవలెను. కాబట్టి ఆ కొద్దిపాటి సందును కూడ కాగితపు మడతలు దాదాపు పూడ్చివేసెడివి. అంత బిగువుగా నున్నది మసిపట్టిన గొట్టమున దిగవలెనన్న కాగితముపై జిడ్డు పూయక తప్పదు. ఆ పూతలో ఆవుకొవ్వు, పందికొవ్వు కలదన్న వార్త 1857 జనవరిలో కలకత్తా చేరువనున్న డమ్‌డమ్ శిక్షణశాలనుండి పాకి, మార్చి 29న బరాక్‌పూరులో మంగళ్ పాండే ఎదురుతిరుగుటకును, మే 10న మీరట్‌లో తిరుగుబాటు రేగుటకును ఒక కారణమయ్యెను. మీరట్‌లో ఏప్రిల్ 24న ఎనుబదియైదుగురు రౌతులు నిరాకరించిన తూటాలు పాతకాలపువే. అప్పటికి అనుమానము తూటాలన్నింటికిని ప్రాకిపోయినది. ఆ మహాసంక్షోభమునకు రాజ్యాపహరణములు, భూములు, పన్నులు మున్నగు కారణములు పెక్కులున్నవి. గుండు కొలతయే కారణమనుట అసంబద్ధము. కాని ఆ జిడ్డు అవసరము ఎందుండి పుట్టినదని అడిగినచో, అంగుళములో తొమ్మిది వేయవ వంతుల సందునుండి పుట్టినదని చెప్పక తప్పదు.

ఆ యుద్ధములోనే ఆంగ్ల సైనికులకు మఱియొక సంగతి బోధపడెను. ఉత్తర హిందూస్థానపు గ్రీష్మమున కొవ్వు కరగి కాగితములో ఇంకిపోయెడిది. గొట్టమున మసి పెచ్చు కట్టెడిది. కొన్ని గుండ్లు కాల్చునంతలో కడ్డీని బలము కొలది మోదవలసి వచ్చెడిది. 1859 నాటికి గుండు వ్యాసమును 0.568 నుండి 0.550 అంగుళమునకు దించిరి. సందు ఒక్కసారిగా మూడింతలై ఇరువదియేడు వేయవ వంతులయ్యెను. ఇంత వదులైన గుండు గాళ్లను పట్టునా? గుండు అడుగు గుల్లలో గట్టికొయ్యతో చేసిన దిమ్మ నమర్చుటచే పట్టెను. పేలినంతనే దిమ్మ ముందునకు చొచ్చుకొనిపోయి అంచును బలముగా విప్పును. పూత కూడ మాఱి తేనెమైనమయ్యెను. ఈ మార్పు ముందే జరిగియున్నచో అని ఆలోచించుట చరిత్రకారుల పని కాదు గాని, పాఠకునకు ఆ ఆలోచన రాకమానదు.

అట్లాంటికునకు ఆవల, హార్పర్స్ ఫెరీ ఆయుధశాలలో జేమ్సు బర్టను దిమ్మను గిన్నెను రెంటిని తొలగించి, గుల్లను లోతుగా, అంచును పలుచగా చేసి, వాయువే ఉబ్బించునట్లు గుండును సరళము గావించెను. అమెరికనులు 0.58 అంగుళపు గొట్టమునకు 0.5775 అంగుళపు గుండు వాడిరి. సందు రెండున్నర వేయవ వంతులే. యంత్రములతో గొట్టములను ఒకే తీరున తొలుచు నేర్పు వారికుండుటచే ఈ సాహసము సాగినది. కాని అంతర్యుద్ధములో ఇరుపక్షములును ఎన్‌ఫీల్డులను లక్షలకొలది దిగుమతి చేసికొనెను. 0.577 గొట్టమున 0.5775 గుండును దించబూనిన సైనికుని అవస్థను లెక్కయే చెప్పుచున్నది. బర్టను ఈ యుద్ధమునకు ముందే ఇంగ్లండు వచ్చి ఎన్‌ఫీల్డు కర్మాగారమునకే ప్రధాన ఇంజనీరుగా పనిచేసెను. అంగుళములో పదిలక్షవ వంతును కొలువగల యంత్రమును నిర్మించిన విట్‌వర్త్ అను ఆంగ్ల ఇంజనీరు ఉబ్బుటను నమ్ముకొనక, ఆఱుపలకల గొట్టమునకు ఆఱుపలకల గుండునే పోయించెను. 1860లో వింబుల్డనులో విక్టోరియా రాణి దారము లాగి ప్రేల్చిన ఆయన రైఫిలు నాలుగువందల గజముల దూరమున కేంద్రమునకు రెండంగుళముల లోపలనే కొట్టినది. సైన్యము మాత్రము దానిని మెచ్చుకొని ప్రక్కన పెట్టెను. అంత సూక్ష్మమైన కుదురును మసి భరింపలేదు.

ఇంతలో వెనుకనుండి కూరు రైఫిళ్లు వచ్చి ఈ తగవునంతను తీర్చివేసినవి. అయినను విద్య నశింపలేదు. అమెరికాలో 1950 నుండి ఉత్తర దక్షిణ స్కర్మిష్ సంఘము వారు అంతర్యుద్ధకాలపు రైఫిళ్లతో గురిపోటీలు జరుపుచున్నారు. ఐరోపాలోను ఇట్టివారు కలరు. వీరందఱు మొదట నేర్చు పాఠము, తుపాకిమీద చెక్కిన అంకెను నమ్మరాదనునది. ఒకే నమూనా రైఫిళ్లు పదింటిని తెచ్చి కొలిచినచో వానిలో కొన్ని వేయవ వంతుల తేడా కనిపించుట సామాన్యము. కొలుచుటయు సులభము కాదు. మూడు గాళ్ల గొట్టములో ప్రతి గట్టునకు ఎదురుగా గాడియే యుండును గనుక, గట్టునుండి గట్టునకు వ్యాసమును పట్టుకారు కొలబద్ద చూపలేదు. అందులకు వేయవ వంతు తేడాతో వరుసగా చేసిన ఉక్కు శలాకలను ఒక్కొక్కటిగా మూతిలో దించి చూతురు. 0.578 దిగి, 0.579 దిగనిచో గొట్టము 0.578. పాత తుపాకుల మూతి కడ్డీ రాపిడికి అరిగి వెడల్పై యుండును. మూతిని మాత్రమే కొలిచినవాడు మోసపోవును. అందుకే మెత్తని సీసపు ముక్కను గొట్టమంతయు నెట్టి, ఎక్కడ బిగిసెనో ఎక్కడ సడలెనో చేతితో గ్రహింతురు.

అచ్చు కొన్నమాత్రమున పని తీరదు. లైమన్ కంపెనీవారి 575213 అను అచ్చు ప్రసిద్ధము. మొదటి మూడంకెలు 0.575 అంగుళమును తెలుపును. కాని అందులో పోసిన గుండు ఏ కొలతకు వచ్చునో సీసపు స్వచ్ఛతయు, వేడియు నిర్ణయించును. సీసము 327 డిగ్రీల సెల్సియసు వద్ద కరగును. పోయుటకు ఇంకను ఎక్కువ వేడి కావలెను. అచ్చు చల్లగానుండగా పోసిన తొలి గుండ్లు ముడుతలు పడి వచ్చును. వానిని మరల మూకుడులో వేయవలసినదే. తగరము, యాంటిమొని కలిసిన గట్టి సీసము తక్కువగా కుంచించుకొనుటచే గుండు కొంచెము పెద్దదిగా వచ్చును గాని, దాని అంచు ఉబ్బదు. గుల్లగుండునకు మెత్తని శుద్ధసీసమే తగినది. పోసిన గుండ్లను తూచి, తక్కువ తూగినవానిని ఏఱివేయుదురు, లోపల గాలి బుడగ చిక్కియుండునని. పిమ్మట మిగిలినవానిని నున్నగా తొలిచిన ఉక్కు ఉంగరమునుండి ఒక్కొక్కటిగా నొక్కి, గొట్టముకన్న ఒకటి రెండు వేయవ వంతులు తక్కువగు కొలతకు తెత్తురు. ఒక వేయవ వంతన మనిషి తలవెండ్రుకలో ఇంచుమించు మూడవ భాగము. అంత స్వల్పమైన తేడాకే నూఱు గజముల దూరమున గుండ్లు ఒకచోట కుదురుటయో చెదరుటయో జరుగును. శుభ్రమైన గొట్టమున గుండు వ్రేలి ఒత్తిడికి మెల్లగా దిగవలెను; తనంతట జాఱిపడరాదు, సుత్తి కోరరాదు. జాఱు గుండు తుపాకిని క్రిందికి వంచినపుడు మందును విడిచి ముందునకు వచ్చును. సగములో చిక్కిన గుండునకును మందునకును నడుమ ఖాళీ యేర్పడును. రెండును ప్రమాదములే; కాల్చినపుడు గొట్టము ఉబ్బుటయు, పగులుటయు ఇట్టి ఖాళీలవలన జరుగును.

మన పాత ఇండ్లలో తాతలనాటి మూతికూరు తుపాకి ఏదైన గోడకు వ్రేలాడుచున్నచో చదువరులు ఒక మాట గమనింతురు గాక. ఇట్టి పాత తుపాకులు లోపల మందు, గుండు అట్లే యుండగా బయటపడుట అరుదు కాదు. దశాబ్దములు గడచినను నల్లమందు పేలుడు గుణమును కోల్పోదు. దానిని మీరు చేతబట్టి పరీక్షింపవలదు, పిల్లలను దరిజేరనీయవలదు. లైసెన్సు గల తుపాకుల పనివానిని పిలిపించినచో, ఆతడు కడ్డీని లోనికి దించి, అది దిగిన లోతును వెలుపలి గొట్టపు పొడవుతో పోల్చి లోపల గుండున్నదో లేదో క్షణములో తేల్చును. 1959 నాటి ఆయుధచట్టము ప్రకారము అట్టి తుపాకిని కాల్పులకు ఉంచుకొనుటకు లైసెన్సు ఉండవలెను. లేనిచో దగ్గఱలోని పోలీసుస్టేషనున తెలియజేయుట ఉత్తమము.